సాక్ పానిక్: 16 బిట్ల లెక్క తప్పితే సర్వర్ మొత్తం ఎందుకు పడిపోతుంది?

రాత్రిషిఫ్ట్:

అందరికీ నమస్తే. మాది చిన్న ఆపరేషన్స్ టీమ్. మొన్న సెక్యూరిటీ ఆడిట్ రిపోర్ట్ వచ్చింది. అందులో ఎర్ర రంగులో ఒక లైన్ ఉంది: సీవీఈ-2019-11477 (భద్రతా లోపాలకి ఇచ్చే నంబర్), సాక్ పానిక్, అంటే టీసీపీలో ఏ ముక్కలు అందాయో విడివిడిగా చెప్పే సాక్ పద్ధతికి సంబంధించిన లోపం. దొరికింది ఎక్కడంటే మా లోడ్ బ్యాలెన్సర్ అప్లయన్స్‌లో. లోపల నడిచేది లైనక్స్ 4.9, వెండర్ తన సొంత ప్యాచ్‌లు వేసుకున్న కెర్నల్. వెండర్‌ని అడిగితే "ఫిక్స్ బ్యాక్‌పోర్ట్ చేశాం, వెర్షన్ నంబర్ మారదు" అని, అంటే పాత కెర్నల్‌లోకే ఫిక్స్ తెచ్చి పెట్టామని, ఒక్క లైన్ మెయిల్ పెట్టి చేతులు దులుపుకున్నారు. ఆడిటర్ ఏమో ఫిక్స్ వచ్చిన 4.9.182 కన్నా తక్కువ నంబర్ కనిపిస్తే ఒప్పుకునేది లేదని కూర్చున్నాడు. మధ్యలో టెన్షన్ అంతా నాకు.

నాకు సి కొంచెం వచ్చు. ఇంటీజర్ ఓవర్‌ఫ్లో అంటే నాకు తెలిసింది ఒక్కటే రకం: బయటినుంచి వచ్చిన సంఖ్యని సైజుతో గుణిస్తే ఫలితం చుట్టు తిరిగి చిన్నదైపోతుంది, చిన్న బఫర్ కేటాయిస్తారు, అందులోకి పెద్ద కాపీ జరుగుతుంది, పక్కన ఉన్న మెమరీ పాడవుతుంది. కానీ ఇక్కడ చదివితే ఎక్కడా మెమరీ పాడైనట్టు లేదు. ఏదో సెగ్మెంట్ల కౌంటర్ పొంగిందట, మెషీన్ మొత్తం పడిపోయిందట. కౌంటర్ తప్పితే గణాంకాలు తప్పాలి గానీ కెర్నల్ ఎందుకు చావాలి?

వెండర్ మాట నిజమో కాదో నేనే చూసుకునే దారి ఏమైనా ఉందా? ఈలోగా సాక్ ఆపేస్తే సరిపోతుందా?

సుడోశీను:

సిస్‌సీటీఎల్‌లో (కెర్నల్ సెట్టింగులు మార్చే చోటు) నెట్.ఐపీవీ4.టీసీపీ_సాక్ సున్నా చేసేయండి బ్రో. రీబూట్ కూడా అక్కర్లేదు. దాడికి దారే ఉండదు. స్క్రీన్‌షాట్ తీసి ఆడిటర్‌కి పంపండి, నిద్రపోండి.

పాతకెర్నల్:

శీను చెప్పింది పనిచేస్తుంది, అబద్ధం కాదు. కానీ లోడ్ బ్యాలెన్సర్ మీద ఆ పని చేయమని నేనైతే చెప్పను. సాక్ లేకపోతే అవతలివాడు "ఇక్కడిదాకా వరసగా అందింది" అని మాత్రమే చెప్పగలడు. మధ్యలో నాలుగు ప్యాకెట్లు పోతే ఏ నాలుగో పంపేవాడికి తెలియదు. ఒక రౌండ్‌ట్రిప్‌కి ఒక్కో కంత పూడ్చుకుంటూ పోవాలి. ఆఫీస్ లాన్‌లో ఎవరికీ తేడా తెలియదు. మొబైల్ నెట్‌వర్క్‌ల మీద ఉన్న యూజర్లు మాత్రం "సైట్ స్లో అయింది" అని టికెట్లు పెడతారు, అవి కూడా రాత్రిషిఫ్ట్ గారి నెత్తి మీదికే వస్తాయి.

ఇక అసలు విషయం. నేను చాలాకాలంగా నెట్‌వర్క్ డ్రైవర్ల కోడ్ రివ్యూ చేస్తున్నవాణ్ని. నా దృష్టిలో సాక్ పానిక్‌ని మించిన పాఠం లేదు, ఎందుకంటే ఇందులో వచ్చే అంకెలన్నీ కాగితం మీద వేసి చూసుకోవచ్చు.

టీసీపీ పంపాల్సిన డేటాని కెర్నల్ ఎస్‌కేబీ అనే స్ట్రక్చర్లలో ఉంచుకుంటుంది. ఒక ఎస్‌కేబీకి గరిష్ఠంగా 17 ఫ్రాగ్మెంట్లు తగిలించొచ్చు. ఎక్స్86 మీద ఒక్కో ఫ్రాగ్మెంట్ 32 కేబీ దాకా ఉండొచ్చు. 17 × 32 × 1024 అంటే 5,57,056 బైట్లు. ఇందులో ఎన్ని టీసీపీ సెగ్మెంట్లు ఉన్నాయో లెక్క పెట్టుకునే ఫీల్డ్ పేరు టీసీపీ_జీఎస్‌ఓ_సెగ్స్, దాని వెడల్పు 16 బిట్లు. గరిష్ఠం 65,535.

మామూలు ఈథర్‌నెట్‌లో ఎంఎస్‌ఎస్, అంటే ఒక సెగ్మెంట్‌లో పట్టే గరిష్ఠ డేటా, 1460 బైట్లు. ఆ లెక్కన 5,57,056 బైట్లకి 382 సెగ్మెంట్లు. 65 వేలెక్కడ, 382 ఎక్కడ? కోడ్ రాసినవాళ్లు ఈ ఫీల్డ్ నిండుతుందని అనుకోకపోవడంలో వింతేమీ లేదు. కానీ ఎంఎస్‌ఎస్ ఎంతో చెప్పేది ఎవరు? కనెక్షన్ మొదలుపెట్టేవాడు, తన సిన్ ప్యాకెట్‌లో. అతను ఎంత తక్కువ చెప్పినా లైనక్స్ 48 దగ్గర ఆగేది. అందులో టీసీపీ ఆప్షన్లకి 40 బైట్లు పోవచ్చు. డేటాకి మిగిలేది 8. ఇప్పుడు మళ్లీ భాగించండి: 5,57,056 ÷ 8 = 69,632. ఇది 16 బిట్లలో పట్టదు. 65,536 పోను కౌంటర్‌లో కనిపించేది 4,096.

అంత నిండిన ఎస్‌కేబీ మామూలుగా తయారవదు. దాన్ని నింపేది సాక్ కోడే. "ఈ ముక్క అందింది, ఆ ముక్క అందింది" అని సాక్‌లు వస్తుంటే, అందినట్టు తేలిన పక్కపక్క ఎస్‌కేబీలని కెర్నల్ ఒకదాంట్లోకి సర్దేస్తుంది, మెమరీ కలిసొస్తుందని. ఆ సర్దుడు 2.6.29లో వచ్చింది, అంటే 2009. బయటపడింది 2019 జూన్‌లో, నెట్‌ఫ్లిక్స్‌లో పనిచేసే జొనాథన్ లూనీ పట్టుకున్నారు. పదేళ్లు అందరి కళ్ల ముందే ఉంది.

మీ మొదటి ప్రశ్నకి జవాబు ఆ సర్దే ఫంక్షన్‌లోనే ఉంది. ఒక ఎస్‌కేబీ నుంచి ఇంకోదానికి కొన్ని సెగ్మెంట్లు మార్చాక అక్కడ ఒక బగ్_ఆన్ ఉండేది. దాని అర్థం: "ఇందులో ఉన్న సెగ్మెంట్ల కన్నా నేను తీసుకెళ్తున్నవి ఎక్కువగా ఉంటే, ఏదో ఘోరం జరిగింది, ఆపెయ్." 69,632 ఉండాల్సిన చోట 4,096 ఉంటే ఆ షరతు నిజమైపోతుంది. బగ్_ఆన్ పేలుతుంది. అది పేలేది ప్యాకెట్లు అందుకునే సాఫ్ట్ ఇంటరప్ట్‌లో కాబట్టి ఏదో ఒక ప్రాసెస్‌ని చంపి ఊరుకునే వీలు లేదు, మొత్తం పానిక్. మెమరీలో ఒక్క బైట్ కూడా పాడవలేదు. కెర్నల్ తన లెక్క తనకే కుదరక తనంతట తను పడిపోయింది.

ఈ బగ్_ఆన్‌ని తిట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు మాత్రం దానిమీద కోపం లేదు. అది లేకపోతే తప్పు లెక్కతో టీసీపీ ఎన్నాళ్లు నడిచేదో, దాన్ని పట్టుకుని ఎవరు ఇంకేం చేసేవారో. ఇప్పటి కోడ్‌లో అక్కడ వార్న్_ఆన్_వన్స్ ఉంది. లాగ్‌లో ఒకసారి గోల చేసి ముందుకెళ్తుంది.

ఫిక్స్ చూస్తే నవ్వొస్తుంది, అంత చిన్నది. సర్దే ముందు రెండు ప్రశ్నలు: మొత్తం బైట్లు 65,535 × 8 చేరుతున్నాయా? రెండు కౌంటర్లు కలిపితే 65,535 దాటుతుందా? ఏ ఒక్కటి అవునన్నా సర్దడం మానేయ్. అంతే.

వెండర్ మాట తేల్చుకోవడానికి: ఈ ప్యాచ్‌ల వరసలోనే టీసీపీ_మిన్_ఎస్‌ఎన్‌డీ_ఎంఎస్‌ఎస్ అనే కొత్త సిస్‌సీటీఎల్ వచ్చింది. ప్రాక్ కింద సిస్, నెట్, ఐపీవీ4 డైరెక్టరీలో ఆ పేరుతో ఫైల్ ఉందేమో చూడండి. ఉంటే బ్యాక్‌పోర్ట్ జరిగిందనడానికి గట్టి ఆధారం. లేకపోతే వెండర్‌ని సోర్స్ అడగండి. కెర్నల్ లైసెన్స్ జీపీఎల్, మీకు అమ్మినప్పుడు సోర్స్ ఇవ్వనని అనడానికి వీల్లేదు.

రాత్రిషిఫ్ట్:

ఇంత ఓపిగ్గా రాసినందుకు థాంక్స్ అండీ. ఆ 4,096 చూశాక అర్థమైంది. రేపు డ్యూటీలో ఫైల్ చూసి చెబుతాను.

రెండు సందేహాలు మిగిలాయి. 64 బిట్ మెషీన్లో ఇంకా 16 బిట్ కౌంటర్ ఏమిటి? రెండు బైట్లు మిగుల్చుకుని ఏం బావుకున్నారు? రెండోది, కంపైలర్‌కే చెప్పి ఎక్కడ ఓవర్‌ఫ్లో అయినా పట్టుకోమనొచ్చు కదా? కొత్త భాషల్లో అలాగే చేస్తారని విన్నాను.

పాతకెర్నల్:

రెండూ మంచి ప్రశ్నలే, రెండోది ఇంకా మంచిది.

ప్రతి ఎస్‌కేబీలో సీబీ అని 48 బైట్ల చోటు ఉంటుంది. ప్యాకెట్ ఏ లేయర్ చేతిలో ఉంటే ఆ లేయర్ తన చిత్తు లెక్కలు అక్కడ రాసుకుంటుంది. టీసీపీ తన సీక్వెన్స్ నంబర్లు, ఫ్లాగులు, టైమ్‌లు అన్నీ అందులోనే ఇరికించాలి. ఈ సెగ్స్ ఫీల్డూ, జీఎస్‌ఓ_సైజ్ అనే ఇంకో 16 బిట్ల ఫీల్డూ కలిసి 32 బిట్ల చోటులో కూర్చుంటాయి, మీ 4.9లో అదీ ఒక యూనియన్‌లో (ఒకే చోటుని వేర్వేరు ఫీల్డులు వాడుకునే ఏర్పాటు), టైమ్‌వెయిట్‌కి సంబంధించిన ఇంకో ఫీల్డ్‌తో వంతులేసుకుని. ఒకటి పెంచాలంటే ఇంకొకదాన్ని బయటికి గెంటాలి. ఎస్‌కేబీ పెరిగితే ప్రతి ప్యాకెట్‌కీ ఆ భారం పడుతుంది. సెకనుకి లక్షల ప్యాకెట్లు వెళ్లే చోట రెండు బైట్ల కోసం కొట్టుకోవడం పిసినారితనం కాదు.

కంపైలర్ సంగతి. నెట్‌వర్క్ కోడ్‌లో సగం చోట్ల చుట్టు తిరగడం కావాలనే జరుగుతుంది. టీసీపీ సీక్వెన్స్ నంబర్ 32 బిట్లు. 10 గిగాబిట్ లింక్ నిండుగా పారుతుంటే మూడున్నర సెకన్లకి అది ఒక చుట్టు పూర్తిచేస్తుంది. అందుకే ఏది ముందు ఏది వెనక అని చూడటానికి రెండింటినీ తీసివేసి, ఫలితాన్ని సైన్ ఉన్న 32 బిట్ల సంఖ్యగా చదివి, అది సున్నా కన్నా తక్కువా అని అడుగుతారు. చుట్టు తిరిగినా జవాబు సరిగ్గానే వస్తుంది. జిఫీస్ టైమర్ కౌంటర్‌నైతే బూట్ అయిన ఐదు నిమిషాలకే 32 బిట్ల చుట్టు తిరిగేలా మొదలుపెడతారు. తిరగడాన్ని తట్టుకోలేని కోడ్ ఏదైనా ఉంటే డెవలపర్ టేబుల్ మీదే బయటపడాలని. ఇది నాకు భలే ఇష్టమైన నిర్ణయం. ఇలాంటి చోట్ల అన్నింటా ఓవర్‌ఫ్లో కాగానే ఆపేసే ట్రాప్ పెడితే కెర్నల్ బూట్ కూడా అవదు.

అసలు విశేషం ఇంకోటుంది. అలాంటి ట్రాప్ పెట్టినా సాక్ పానిక్ దొరికేది కాదు! సిలో 16 బిట్ల సంఖ్యకి ఏదైనా కలిపితే కూడిక ముందు ఇంట్‌గా మారి 32 బిట్లలో జరుగుతుంది. 65,000 + 4,632 = 69,632, ఇంట్‌లో హాయిగా పట్టింది, ఓవర్‌ఫ్లో లేదు. ఆ ఫలితాన్ని తిరిగి 16 బిట్ల ఫీల్డ్‌లో పెట్టేటప్పుడు పై బిట్లు నిశ్శబ్దంగా రాలిపోయాయి. కూడిక తప్పు కాదు, పెట్టిన చోటు చాల్లేదు. సైన్డ్ ఓవర్‌ఫ్లో చూసే శానిటైజర్‌కి (కోడ్ నడిచేటప్పుడు తప్పులు పట్టేలా కంపైలర్ పెట్టే చెక్) ఇది కనపడదు. ఇలా రాలే బిట్లని పట్టే వేరే శానిటైజర్ క్లాంగ్ కంపైలర్‌లో ఉంది గానీ, కెర్నల్ మీద దాన్ని వదిలితే నిజమైన బగ్ ఆ గోలలో కొట్టుకుపోతుంది.

అందుకే నేను రివ్యూలో ప్లస్‌లు, స్టార్‌లు వెతకను. ఈ సంఖ్య ఎవరు ఎంచుకున్నారు, చివరికి ఎంత వెడల్పున్న ఫీల్డ్‌లో పడుతుంది, మధ్యలో ఎన్నిసార్లు టైప్ మారింది, ఈ మూడే చూస్తాను. కొత్త కోడ్ అయితే చెక్_యాడ్_ఓవర్‌ఫ్లో వాడమని పట్టుబడతాను, ఎందుకంటే అది ఫలితం పెట్టబోయే వేరియబుల్ టైప్‌లో పట్టిందా లేదా చెబుతుంది. కేటాయింపు సైజులకైతే స్ట్రక్ట్_సైజ్, అర్రే_సైజ్ ఉన్నాయి. 2018లో 4.18తో వచ్చాయి. పొంగితే చుట్టు తిరక్కుండా గరిష్ఠ విలువ దగ్గరే ఆగిపోతాయి, అంత మెమరీ ఎలాగూ దొరకదు, కేటాయింపు ఫెయిల్ అవుతుంది. రాత్రిషిఫ్ట్ గారికి తెలిసిన ఆ గుణకారం రకానికి ఇది మందు.

హెక్స్‌డంప్:

పాతకెర్నల్ గారు చెప్పిన మూడు ప్రశ్నలకీ ఒకే బగ్‌లో జవాబు కావాలంటే సీవీఈ-2017-7308 చూడండి. ఏఎఫ్_ప్యాకెట్ సాకెట్లలో (ప్యాకెట్లని నేరుగా అందుకునేవి) రింగ్ బఫర్ సెట్ చేసే ఫంక్షన్. సిజ్‌కాలర్ ఫజర్‌తో (అడ్డదిడ్డమైన ఇన్‌పుట్లు ఇచ్చి బగ్‌లు వెతికే టూల్) ఆండ్రీ కొనొవాలోవ్ పట్టుకున్నారు. ఇక్కడైతే నిజంగానే మెమరీ పాడై, మామూలు యూజర్ రూట్ అయిపోయేవాడు.

యూజర్ రెండు సంఖ్యలు ఇస్తాడు: బ్లాక్ సైజు, అందులో తన సొంతానికి ఎంత చోటు కావాలో ఆ సైజు. సొంత చోటు బ్లాక్‌ని మించకూడదు కదా, కెర్నల్ చెక్ చేస్తుంది: బ్లాక్ సైజులోంచి హెడర్ 48 బైట్లూ సొంత చోటూ తీసేసి, ఫలితాన్ని ఇంట్‌గా మార్చి, సున్నా లేదా అంతకన్నా తక్కువైతే తిప్పి పంపేస్తుంది. చదివితే సబబుగానే ఉంది.

ఇప్పుడు బ్లాక్ 4,096 ఇచ్చి, సొంత చోటు 2,14,74,87,744 అడగండి. అంటే 2 పవర్ 31కి ఇంకో 4,096 కలిపినది. తీసివేత సున్నా కిందికి పోయి, 32 బిట్లలో చుట్టు తిరిగి 2,14,74,83,600 అవుతుంది. దీన్ని ఇంట్‌గా చదివితే పాజిటివే! 2 పవర్ 31కి కొంచెం కింద ఆగింది. చెక్ పాస్.

ఆ తర్వాత యూజర్ అడిగిన సొంత చోటు సంఖ్యని 16 బిట్ల ఇంకో ఫీల్డ్‌లో దాచుకుంటారు. పై బిట్లు రాలి 4,096 మిగులుతుంది. అంటే చెక్ చూసిన సంఖ్య ఒకటి, తర్వాత కోడ్ వాడుకున్నది ఇంకొకటి. దాడి చేసేవాడికి పై బిట్ చెక్‌ని దాటిస్తుంది, కింది 16 బిట్లు తనకి కావలసిన ఆఫ్‌సెట్ ఇస్తాయి. తర్వాత గరిష్ఠ ఫ్రేమ్ సైజు కోసం 4,096లోంచి 4,096నీ ఆ 48నీ తీసేస్తారు, అది మళ్లీ కిందికి పోయి నాలుగొందల కోట్ల పైచిలుకు అవుతుంది. ఇంక ఎంత పెద్ద ప్యాకెట్ వచ్చినా "పడుతుంది, పెట్టెయ్" అంటుంది కోడ్.

ఫిక్స్‌లో తీసివేతే తీసేశారు. సొంత చోటుని 64 బిట్లకి పెంచి బ్లాక్ సైజుతో నేరుగా పోల్చారు.

సీవీఈ-2020-14386 కూడా ఇదే ఫైల్‌లోది. నెట్‌ఆఫ్ అనే వేరియబుల్ 16 బిట్లు, దానికి కలిసే రిజర్వ్ విలువ యూజర్ ఇచ్చే 32 బిట్ల సంఖ్య. కథ మళ్లీ చెప్పక్కర్లేదనుకుంటా.

సుడోశీను:

కానీ ఈ రెండింటికీ క్యాప్_నెట్_రా (రా సాకెట్లు తెరిచే అనుమతి) కావాలి కదా బ్రో. అది రూట్‌కే ఉంటుంది. మనకేం భయం?

హెక్స్‌డంప్:

అన్‌ప్రివిలేజ్డ్ యూజర్ నేమ్‌స్పేస్‌లు (మామూలు యూజర్ తన సొంత గిరిలో తనే రూట్ అయ్యే వీలు) తెరిచి ఉన్న మెషీన్లో ఏ యూజర్ అయినా తన నేమ్‌స్పేస్ తను తయారుచేసుకుని అందులో ఆ క్యాపబిలిటీ తెచ్చుకుంటాడు. డాకర్ డిఫాల్ట్‌గా ఇచ్చే క్యాపబిలిటీల్లోనూ అది ఉంది. పింగ్ లాంటివి నడవాలని ఇచ్చారు. మీ కంటెయినర్‌కి రా సాకెట్లతో పనిలేకపోతే తీసేయండి, ఒక్క లైన్ పని.

రాత్రిషిఫ్ట్:

అప్‌డేట్. మా దగ్గర అవే రెండు బాక్సులు, ఒకటి యాక్టివ్, ఒకటి స్టాండ్‌బై. స్టాండ్‌బైలో ఆ మిన్_ఎస్‌ఎన్‌డీ_ఎంఎస్‌ఎస్ ఫైల్ ఉంది, విలువ 48. యాక్టివ్‌లో లేదు! ఫర్మ్‌వేర్ బిల్డ్‌లు చూస్తే రెండూ వేర్వేరు. యూనేమ్ కొడితే మాత్రం రెండింట్లోనూ అక్షరం తేడా లేకుండా ఒకే కెర్నల్ వెర్షన్. అంటే వెండర్ చెప్పిందీ నిజమే, ఆడిటర్ చెప్పిందీ నిజమే.

శనివారం మెయింటెనెన్స్ విండో దొరికింది. స్టాండ్‌బైకి మార్చి, పాతదానికి ఫర్మ్‌వేర్ ఎక్కించాలని ప్లాన్. అప్పటిదాకా సాక్ ఆపకుండా ఏమైనా చేయొచ్చా? ఎంఎస్‌ఎస్ 500 లోపు ఉన్న సిన్ ప్యాకెట్లని ఐపీటేబుల్స్ ఫైర్‌వాల్‌లో డ్రాప్ చేయమని ఒకచోట చదివాను. మామూలు కస్టమర్లు ఎవరైనా అందులో పడిపోతారా?

పాతకెర్నల్:

పడరు. ఐపీవీ4లో ఎవరూ ఎంఎస్‌ఎస్ చెప్పకపోతే అనుకునే విలువే 536. అంతకన్నా తక్కువ అడిగే మామూలు క్లయింట్ ఈ రోజుల్లో ఉండడం అరుదు. రూల్ పెట్టి కౌంటర్ చూస్తూ ఉండండి, ఎవరైనా తగులుతున్నారా లేదా తెలిసిపోతుంది. ఐపీవీ6 తెరిచి ఉంటే అటువైపు కూడా అదే రూల్ వేయండి, చాలామంది మరిచేది అదే.

ఇంకొకటి, ఇది తప్పనిసరి: టీసీపీ_ఎంటీయూ_ప్రోబింగ్ (దారిలో ఎంత పెద్ద ప్యాకెట్ పడుతుందో వెతికే సెట్టింగ్) విలువ ఎంతుందో చూడండి. సున్నా కాకపోతే ఆ రూల్ సగమే పనిచేస్తుంది. ప్రోబింగ్ ఆన్‌లో ఉంటే, అవతలివాడు మామూలు ఎంఎస్‌ఎస్‌తోనే కనెక్ట్ అయి, తర్వాత మీ ప్యాకెట్లకి జవాబు ఇవ్వకుండా కూర్చుంటాడు. దారిలో పెద్ద ప్యాకెట్లు పోవడం లేదేమోనని మీ కెర్నలే తన ఎంఎస్‌ఎస్ తను తగ్గించుకుంటూ పోతుంది. సిన్ చూసే ఫిల్టర్‌కి అదేమీ కనపడదు.

రాత్రిషిఫ్ట్:

చూశాను. 1 ఉంది. వెండర్ డిఫాల్ట్ అనుకుంటా, మేమెవరం ముట్టుకోలేదు. సున్నా చేస్తే ఏమైనా తేడా వస్తుందా?

పాతకెర్నల్:

1 అంటే బ్లాక్‌హోల్ (దారిలో పెద్ద ప్యాకెట్లు చప్పుడు లేకుండా మాయమవడం) అనుమానం వచ్చినప్పుడే ప్రోబ్ చేస్తుంది. మీ క్లయింట్లలో వీపీఎన్ టన్నెళ్ల వెనక ఉన్నవాళ్లు, దారిలో ఐసీఎంపీ ఆపేసిన ఫైర్‌వాల్ ఉన్నవాళ్లు ఎక్కువైతే పెద్ద డౌన్‌లోడ్‌లు మధ్యలో ఆగిపోవచ్చు. శనివారం దాకానే కాబట్టి సున్నా చేయండి. అలాంటి టికెట్ వస్తే ఆ క్లయింట్ల వైపు వెళ్లే రూట్‌కి ఎంటీయూ (గరిష్ఠ ప్యాకెట్ సైజు) తగ్గించి పెట్టండి, ప్రోబింగ్ మాత్రం మళ్లీ ఆన్ చేయకండి. ఫర్మ్‌వేర్ ఎక్కాక ఆ ఫైల్ కనిపిస్తోందో లేదో చూసి, అప్పుడు రూల్ తీసేయండి.